బుట్టలో రొయ్యలు మాయం, నింద సాటిర్లకి

గ్రీకు పురాణాల్లో సాటిర్ అనగానే ఇప్పుడు అందరికీ ఒకటే బొమ్మ గుర్తొస్తుంది. నడుము కింద మేక కాళ్ళు, నెత్తి మీద చిన్న కొమ్ములు, చేతిలో పిల్లనగ్రోవి, కళ్ళలో కామం. ఫాంటసీ సినిమాలు, వీడియో గేములు, పిల్లల బొమ్మల పుస్తకాలు అన్నిట్లోనూ వీడే. పిల్లల పుస్తకాల్లో ఆ కళ్ళు మాత్రం కొంచెం సర్దుతారు. ఇంగ్లీషులో ఆడవాళ్ళ వెంటపడే మగాణ్ణి తిట్టడానికి కూడా ఈ పేరే వాడతారు. ఈ బొమ్మలో సగం తప్పు, మిగతా సగం అన్యాయం అని నా వాదన. తప్పు సంగతి తొందరగా తేలిపోతుంది. అన్యాయం సంగతికే కాస్త ఓపిక కావాలి.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక చిన్న అడ్డంకి తీసేస్తాను. 'సెటైర్లు వేస్తున్నాడు' అని మనం రోజూ అనే సెటైర్‌కీ ఈ సాటిర్‌కీ చుట్టరికం లేదు. అది లాటిన్ వాళ్ళ సొంత మాట. యూరప్ పండితులు కూడా చాలాకాలం రెండూ ఒకటే అనుకున్నారు. 1605లో ఐజాక్ కాజబాన్ అనే ఆయన పనిగట్టుకుని పుస్తకం రాసి రెండిటినీ విడదీశాడు.

ఇక మేక కాళ్ళు. ఫ్లారెన్స్ పురావస్తు మ్యూజియంలో వైన్‌లో నీళ్ళు కలపడానికి వాడే పెద్ద కుండ ఒకటుంది. క్రీ.పూ. 570 ప్రాంతంలో ఏథెన్స్‌లో తయారైంది. కుండ చేసిన ఎర్గోటిమోస్, బొమ్మలు వేసిన క్లైటియాస్ ఇద్దరూ దాని మీద సంతకాలు పెట్టారు. 1844–45లో ఇటలీలోని క్యూసీ దగ్గర అలెస్సాండ్రో ఫ్రాన్స్వా తవ్వించినప్పుడు ముక్కలుగా దొరికింది. అతికించారు. 1900లో మ్యూజియం కాపలావాడొకడు కోపం పట్టలేక స్టూలెత్తి విసిరితే 638 ముక్కలైంది. మళ్ళీ అతికించారు.

దాని మీద ఒక ఊరేగింపు ఉంది. దేవుళ్ళ రాణి హేరా తన కొడుకు హెఫైస్టస్ కుంటివాడని, దేవుళ్ళుండే ఒలింపస్ కొండ మీంచి కిందకి పడేసింది. అతను పగబట్టి, కూర్చుంటే లేవనివ్వని బంగారు సింహాసనం చేసి తల్లికి పంపాడు. ఆమె ఇరుక్కుపోయింది. ఎవరు బతిమాలినా అతను రాడు. చివరికి వైన్ దేవుడు డయోనైసస్ అతనికి బాగా తాగించి, కంచర గాడిద మీద ఎక్కించి తీసుకొస్తాడు. ఆ వెనకే ముగ్గురు వస్తున్నారు. ఒకడు నిండు వైన్ తిత్తి మోస్తున్నాడు, ఒకడు జంట గొట్టాల వాద్యం ఊదుతున్నాడు, ఇంకొకడు ఒక వనదేవతని ఎత్తుకొస్తున్నాడు. పక్కన 'సైలెనోయ్' అని పేరు రాసి ఉంది. సాటిర్లకే అది ఇంకో పేరు. వాళ్ళ కాళ్ళు చూడండి: గుర్రం కాళ్ళు. తోక గుర్రానిది, చెవులు గుర్రానివి. తర్వాతి చిత్రకారులు కాళ్ళు మనిషివే వేశారు గానీ గుర్రపు తోకా చెవులూ మాత్రం వదల్లేదు. చప్పిడి ముక్కు, గడ్డం, బట్టతల వీటికి తోడు.

మేక కాళ్ళున్నవాడు వేరే ఉన్నాడు. ఆర్కేడియా కొండల్లో మేకలు కాసేవాళ్ళ దేవుడు పాన్. అతనూ డయోనైసస్ గుంపులో తిరుగుతాడు కాబట్టి అలెగ్జాండర్ తర్వాతి కాలంలో ఇద్దరినీ కలపడం మొదలైంది. రోమన్లు తమ అడవి దేవుడు ఫానస్‌ని కూడా తెచ్చి అందులో కలిపేశారు. రినైజాన్స్ చిత్రకారుల చేతికి వచ్చేసరికి మిగిలింది మేకే. మ్యూనిక్‌లో కాళ్ళు బార్లా చాపి మత్తుగా పడుకున్న ప్రసిద్ధమైన పాలరాతి విగ్రహం అచ్చంగా గ్రీకు సాటిరే. అయినా ఇప్పటికీ దాని పేరు 'బార్బెరిని ఫాన్'.

తప్పు సంగతి ఇంతే.

అన్యాయం సంగతికొద్దాం. సాటిర్ల గురించి మనకి దొరికిన అతి పాత మాటల్లో ఒకటి పాత గ్రీకు కవి హెసియడ్ పేరు మీద ఉన్న ఒక పద్యపు ముక్క. కొండల్లోని వనదేవతలకి వీళ్ళు అన్నదమ్ములని చెప్పి, 'పనికిమాలిన, ఏ పనీ చేతకాని సాటిర్ల జాతి' అంటుంది. తిట్టు తిట్టే. కానీ ఆ తిట్టు బద్ధకం గురించి. కామం ఊసే లేదు. ఊళ్ళో అందరూ పొలానికి పోతుంటే అరుగు మీద కూర్చునేవాణ్ణి తిట్టినట్టు తిట్టారు.

కుండల మీద కామం ఉంది, బోలెడంత. మర్యాదస్తులు పక్కకి చూసేంత ఉంది. అయితే దాన్ని ఎలా వేశారో చూడకుండా తీర్పు చెప్పకూడదు. ఏథెన్స్ చిత్రకారులకి ఒక మంచి అలవాటు ఉండేది. బొమ్మ పక్కన పేరు రాసేవాళ్ళు. దేవుళ్ళకీ వీరులకీ సరే, సాటిర్లకి కూడా విడివిడిగా పేర్లు పెట్టారు. ఆ పేర్లన్నీ ఏరి 1912లో షార్లొట్టె ఫ్రెంకెల్ అనే జర్మన్ పండితురాలు ఒక పుస్తకమే వేసింది. సిమోస్ అంటే చప్పిడిముక్కువాడు. కిస్సోస్ అంటే డయోనైసస్ తలకి చుట్టుకునే ఐవీ తీగ. హెడ్యోయినోస్ అంటే తియ్యటి వైన్. టెర్పౌలోస్‌కి ఆ జంట గొట్టాల వాద్యమంటే ప్రాణం. డ్రోమిస్ పరుగెత్తేవాడు. తాగి వీధిలో పాడుకుంటూ పోయే గుంపుని గ్రీకులో కోమోస్ అంటారు, అదీ ఒక సాటిర్ పేరే.

వీటిలో నాకు బాగా నచ్చింది స్టైసిప్పోస్. దీని రెండో సగం 'హిప్పోస్', అంటే గుర్రం. ఏథెన్స్‌లో గుర్రం పేరు డబ్బున్న ఇంటి గుర్తు, గుర్రాన్ని మేపడం అందరి వల్లా అయ్యే పని కాదు మరి. క్రీ.పూ. 423లో ఆడిన 'మేఘాలు' నాటకంలో అరిస్టోఫనీస్ దీని మీదే జోకు వేశాడు. పల్లెటూరి మొగుడు పిల్లాడికి తాత పేరు పెడదామంటాడు. గొప్పింటి పెళ్ళాం క్సాంథిప్పోస్ లాంటి గుర్రం పేరు కావాలంటుంది. కొట్టుకుని కొట్టుకుని చివరికి ఫైడిప్పిడీస్ దగ్గర రాజీపడతారు. ఆ నాటకానికి చాలా ఏళ్ళ ముందే ఒక కుండ చిత్రకారుడు నిజంగానే గుర్రం తోక ఉన్నవాడికి, ఏ పెద్దింటి కుర్రాడికో పెట్టినట్టు స్టైసిప్పోస్ అని పేరు పెట్టాడు. మొదటి సగానికి అర్థం ఇక్కడ రాయను, బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. ఆ కుండలోంచి పోసిన వైన్ తాగినవాళ్ళలో గుర్రం పేర్లున్న పెద్దమనుషులు కూడా ఉండి ఉంటారు. ఎగతాళి సాటిర్నా, వాళ్ళనా?

బెర్లిన్‌లో ఇంకో కుండ ఉంది, దాన్ని వేసిన చిత్రకారుడి పేరు తెలియక ఆయన్ని బెర్లిన్ పెయింటర్ అంటారు. దాని మీద దేవతల దూత హెర్మీస్ పక్కన ఒక సాటిర్ నిలబడి ఉన్నాడు. పేరు ఒరైమాఖోస్, అంటే కొండల్లో యుద్ధం చేసేవాడు. మహావీరుడి పేరు. చేతిలో ఉన్నది మాత్రం తీగల వాద్యం.

బ్రిటిష్ మ్యూజియంలో ఈ విషయంలో చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది డూరిస్ బొమ్మలు వేసిన సైక్టర్, అంటే వైన్ చల్లబరిచే పాత్ర. పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది. అందులో వైన్ పోసి, చల్లటి నీళ్ళున్న పెద్ద కుండలో తేలేస్తారు. క్రీ.పూ. 500–490 నాటిది. చుట్టూ సాటిర్లు సర్కస్ ఫీట్లు చేస్తుంటారు. ఒకడు ఒళ్ళు వంచి, చేతుల మీద బరువంతా వేసి తాగబోతున్నాడు. ఇంకొకడు వైన్ గిన్నెని చేతులు పెట్టకుండా, చెప్పకూడని చోట నిలబెట్టుకున్నాడు. మిగతావాళ్ళు అందులోకి వైన్ పోస్తున్నారు. ఒకడు మాత్రం బూట్లు, దుప్పటి, చేతిలో దూత కర్రతో అచ్చం హెర్మీస్ వేషం వేసుకుని, ఈ గోలంతా సర్దే పెద్దమనిషిలా వస్తున్నాడు. పాత్ర నీళ్ళలో కదిలి తిరిగినప్పుడల్లా వీళ్ళంతా గిర్రున తిరుగుతూ ఆడినట్టు కనపడేది. దీని ముందు నిలబడితే మొదట నవ్వే వస్తుంది. ఆ గిన్నె పడిపోకుండా ఉండాలని వాడు పడే ఏకాగ్రత చూసి ఇంకా నవ్వొస్తుంది. అక్కడ కామం ఉందా అంటే ఉంది, కానీ అది ఎవరినీ ఏమీ చెయ్యడం లేదు. గ్లాసు స్టాండుగా పనికొచ్చింది.

రెండోది బ్రైగోస్ పెయింటర్ వేసిన కప్పు. ఇది అంత తేలికైన జోకు కాదు. ఒక వైపు సాటిర్లు దేవతల దూతిక ఐరిస్‌ని డయోనైసస్ బలిపీఠం దగ్గర పట్టుకున్నారు. రెండో వైపు ఏకంగా హేరా మీదికే వస్తున్నారు, నక్కి నక్కి. పక్కన పేర్లు రాసి ఉన్నాయి: బాబాఖోస్, డ్రోమిస్, స్టైయోన్... హెర్మీస్ మధ్యలో నిలబడి చెయ్యి చాపి ఏదో నచ్చజెబుతున్నాడు. హెరాక్లీస్ విల్లూ గదా పట్టుకుని వచ్చేశాడు. హెరాక్లీస్‌కీ హేరాకీ పుట్టుకతో పడదు. ఉయ్యాల్లో ఉన్నప్పుడే అతని మీదికి పాముల్ని పంపింది ఆవిడే. ఇప్పుడు ఆవిడని కాపాడే డ్యూటీ అతనికే పడింది. ఇదేదో నాటకంలో సీనే అని చాలామంది పండితులు అనుకుంటారు, చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. సాటిర్లు దేవుళ్ళ రాణి జోలికి వెళ్ళారు, తన్నులు తినబోతున్నారు. కప్పు ఆగింది ఆ తన్నులకి ఒక్క క్షణం ముందు.

నా వాదన మొదలయ్యేది ఇక్కడే. సాటిర్ కథల్లో సాటిర్ మామూలుగా సాధించేది ఏమీ ఉండదు. వెంటపడతాడు, దొరకదు. క్రీ.పూ. 500 ప్రాంతం నాటి కుండల మీద డయోనైసస్ భక్తురాళ్ళు వీళ్ళని కర్ర తిరగేసి కొడతారు, మొహమ్మీదికి పాముని చూపిస్తారు. మరి అదే పని చేసి, పూర్తి చేసి, ఏ శిక్షా లేకుండా వెళ్ళిపోయేదెవరు? దేవుళ్ళు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఒలింపస్ కొండ మీద ప్రతి ఇంట్లోనూ ఈ సామెత రాసి తగిలించొచ్చు.

అమిమోనే కథ తీసుకోండి. ఆర్గోస్‌లో నీళ్ళ కరువు. డానోస్ తన కూతుళ్ళని నీళ్ళు వెతకమని పంపాడు. అమిమోనే దారిలో లేడిని చూసి బరిసె విసిరితే అది నిద్రపోతున్న సాటిర్‌కి తగిలింది. వాడు లేచి ఆమె మీదికి వచ్చాడు. సముద్రదేవుడు పొసైడన్ ప్రత్యక్షమయ్యాడు, సాటిర్ పారిపోయాడు. కథ ఇక్కడితో అయిపోతే దేవుడు రక్షకుడు. కానీ అపోలోడోరస్ పేరు మీద ఉన్న పురాణ సంగ్రహం అదే వాక్యంలో, ఊపిరి కూడా తీసుకోకుండా, అమిమోనే పొసైడన్‌తో పడుకుందని చెప్పేస్తుంది. బదులుగా అతను లెర్నా ఊటలు ఎక్కడున్నాయో చూపించాడు. ఒకే అడవిలో, ఒకే పూట, ఒకే అమ్మాయి. ప్రయత్నించి పారిపోయినవాడు కాముకుడు. పని పూర్తి చేసినవాడు నీళ్ళిచ్చిన దాత. ఏథెన్స్ నాటకకర్త ఈస్కిలస్ ఈ కథని సాటిర్ నాటకంగా, అంటే సాటిర్ల గుంపు ఆడే నవ్వుల నాటకంగా రాశాడు గానీ కొన్ని ముక్కలే మిగిలాయి. అందులో ఈ వంకర మీద ఎవరైనా నవ్వారా అన్నది చూడాలని నాకు మహా కోరిక.

థీబ్స్ రాకుమారి ఆంటియోపే కథ దీన్ని మించింది. దేవుళ్ళ రాజు జియుస్ ఆమె దగ్గరికి సాటిర్ వేషంలో వెళ్ళాడు. హంసగా, ఎద్దుగా, బంగారు వానగా వెళ్ళిన దేవుడికి ఈసారి దొరికిన వేషం అది. ఆంటియోపే గర్భంతో పారిపోయింది, పట్టుబడింది, బంధువుల చెరలో ఏళ్ళ తరబడి నరకం చూసింది. జియుస్‌కి ఏమీ కాలేదు. వేషం వేసుకుని వెళ్ళిన దేవుడి కథ మనకి కొత్త కాదు. కానీ అహల్య కథలో ఇంద్రుడికి ఒంటి నిండా ఆ గుర్తులు పడ్డాయి, ఎంత దేవేంద్రుడైనా తల ఎత్తుకోలేకపోయాడు. జియుస్ ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. పడిన మచ్చ ఏదైనా ఉంటే, అరువిచ్చిన వేషానికే పడింది. తిషియన్, కొర్రెజ్జో లాంటి మహానుభావులు తర్వాత నిద్రపోతున్న అమ్మాయి దుప్పటి తీసి చూసే సాటిర్ బొమ్మలు వేశారు. అవి మామూలు సాటిర్ బొమ్మలా, జియుస్ బొమ్మలా అని ఇప్పటికీ తేలదు. దేవుడు లోపల దాక్కుని ఉన్నా తిట్లు పడేది ఆ తోకకే.

మీరు ఇక్కడ నన్ను ఆపొచ్చు. దేవుళ్ళు దుర్మార్గులైతే సాటిర్లు మంచివాళ్ళైపోతారా అని. అవ్వరు. యూరిపిడీస్ 'సైక్లోప్స్' నాటకంలో ట్రాయ్ యుద్ధం ముగించుకుని వచ్చిన ఒడిసియస్‌ని సాటిర్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి: హెలెన్‌ని పట్టుకున్నాక మీరందరూ వంతులవారీగా పని కానిచ్చారా? దీన్ని ఏ వకీలూ సమర్థించలేడు. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ విన్న ఒక నావికుడి కథ ఇంకా దారుణం. తుఫానుకి ఓడ కొట్టుకుపోయి ఏవో దీవుల దగ్గర తేలింది. అక్కడివాళ్ళకి ఎర్ర జుట్టు, గుర్రాలకంటే కాస్తే చిన్న తోకలు. వాళ్ళు ఓడెక్కి ఆడవాళ్ళ మీద పడితే, నావికులు భయపడి తమతో ఉన్న ఒక పరదేశపు స్త్రీని దీవిలోకి తోసేశారు. తర్వాత జరిగింది పౌసానియస్ చెబుతాడు, నేను చెప్పను. ఈ కథలో సాటిర్లు ఓడిపోలేదు, వెనక్కి తగ్గలేదు. కానీ ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు గుర్తుండిపోయేది ఆ తోకలు కాదు, ఆమెని పైనుంచి తోసిన చేతులు. అవి మామూలు మనుషుల చేతులు, మర్యాదగా ఒడ్డుకి చేరి కథ చెప్పుకున్నవాళ్ళవి.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆ కుండలు చేసింది మగవాళ్ళు, విందుల్లో వాటిలో తాగింది ఎక్కువగా మగవాళ్ళు, నాటకంలో వేషాలు కట్టింది మగవాళ్ళే. పారిపోయే అమ్మాయిని చూసి నవ్వుకోవడం వాళ్ళకి ఖర్చు లేని పని. అయినా ఒకటి మాత్రం చెప్పాలి: వాళ్ళు నవ్వింది ఎక్కువగా అమ్మాయిని చూసి కాదు, వాణ్ణి చూసి.

ఆ నవ్వు బాగా తెలిసేది నాటకాల్లోనే. ఏథెన్స్‌లో డయోనైసస్ ఉత్సవంలో పోటీకి దిగిన కవి మూడు విషాద నాటకాలు ఆడించి, వెంటనే నాలుగోదిగా ఒక సాటిర్ నాటకం ఆడించాలి. ఫ్లియస్ ఊరి ప్రాటినాస్ దీన్ని తెచ్చాడంటారు. సొంత కళ్ళు పొడుచుకున్న రాజుల్ని, పిల్లల్ని చంపుకున్న తల్లుల్ని చూసి గుండె బరువెక్కిన జనం ముందుకి గుర్రం తోకల గుంపు గెంతుకుంటూ వచ్చేది. వందల నాటకాలు పోయాయి. పూర్తిగా మిగిలింది ఆ 'సైక్లోప్స్' ఒక్కటే.

అందులో ఒక చోటుంది. ఒంటికన్ను రాక్షసుడు తాగి పడిపోయాడు. కాల్చిన దుంగతో వాడి కన్ను పొడవాలి. సాటిర్లు అంతకుముందే మేము ముందుంటాం, మేము పట్టుకుంటాం అని బోలెడు కోతలు కోశారు. తీరా ఒడిసియస్ రమ్మనేసరికి ఒక జట్టు మేం గుమ్మానికి చాలా దూరంలో ఉన్నామే, చెయ్యి అందదు అంటుంది. ఇంకో జట్టుకి ఉన్నట్టుండి కాళ్ళు కుంటిపడ్డాయి. నిలబడే ఉన్నారు, నిలబడి ఉండగానే బెణికిందట. ఇంకొకళ్ళ కళ్ళలో దుమ్ము పడింది. ఒడిసియస్ తిడితే, మా వీపు మీద మాకు జాలి ఉండకూడదా, దెబ్బలు తిని పళ్ళు రాలగొట్టుకోవడం ఇష్టం లేకపోతే అది పిరికితనమా అని ఎదురు అడుగుతారు. పైగా ఒక మంత్రం వచ్చట, చదివితే దుంగ దానంతటదే వెళ్ళి పొడుస్తుందట. చివరికి పాటతో ఉత్సాహపరుస్తాం, అది మా వల్ల అవుతుంది అంటారు. ఆఫీసుల్లో పని చేసినవాళ్ళెవరైనా ఈ సీను వెంటనే గుర్తుపడతారు.

సోఫోక్లీస్ రాసిన 'వెతికేవాళ్ళు' ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తకుప్పల్లో పపైరస్ కాగితాల మీద దొరికింది. నాలుగొందల పాదాల దాకా మిగిలింది, 1912లో అచ్చయింది. అపోలో ఆవులు పోయాయి. బంగారం, బానిసత్వం నుంచి విడుదల ఇస్తానంటే సాటిర్లు కుక్కల్లా నేల వాసన చూసుకుంటూ అడుగుజాడలు వెతుకుతారు. హఠాత్తుగా నేల లోపల్నించి ఎవరూ ఎప్పుడూ వినని శబ్దం. అందరూ హడలిపోతారు. వాళ్ళ తండ్రి సైలెనస్ పిరికి వెధవల్లారా అని తిట్టి, తన కుర్రతనపు శౌర్యం గురించి పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. అంతలో మళ్ళీ ఆ శబ్దం. ఈసారి ఆయనకీ వినిపిస్తుంది. ఉపన్యాసం ఆగిపోతుంది, ఆయన దారి ఆయన చూసుకోబోతాడు. గుహలో ఉన్నది పసివాడైన హెర్మీస్. తాబేలు డిప్పతో ప్రపంచంలో మొట్టమొదటి లైర్ అనే తీగల వాద్యం చేసి వాయిస్తున్నాడు. సంగీతం విని మొదట హడలింది సాటిర్లు. ఈస్కిలస్ నాటకంలో ప్రొమిథియస్ నిప్పు తెచ్చినప్పుడు దాన్ని చూసి మురిసిపోయి ముద్దు పెట్టుకోబోయిందీ ఒక సాటిరే. గడ్డం కాలిపోతుంది, తర్వాత ఏడుస్తావ్ అని ప్రొమిథియస్ హెచ్చరించాడు. కొత్త వస్తువు లోకంలోకి వచ్చినప్పుడల్లా ముందు నోరు తెరుచుకుని చూసేది వీళ్ళే. ఈ పసితనం ఆ మేక కాళ్ళ కాముకుడి బొమ్మలో ఎక్కడా కనపడదు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ దీనికే.

ఒక సాటిర్‌కి మాత్రం అతి దారుణమైన శిక్ష పడింది, అదీ ఆడదాని వెంటపడ్డందుకు కాదు. అథీనా ఆ జంట గొట్టాల వాద్యం ఊదితే బుగ్గలు ఉబ్బి మొహం వికారమవుతోందని పారేసింది. మార్సియాస్ దాన్ని ఏరుకుని నేర్చుకుని, ఏకంగా సంగీత దేవుడు అపోలోతో పోటీకి దిగాడు. అపోలో తన వాద్యాన్ని తలకిందులు చేసి వాయించి, నువ్వూ అలాగే వాయించు అన్నాడు. ఊదే గొట్టాన్ని తలకిందులు చేసి ఎవడు వాయించగలడు? ఓడించి, చెట్టుకి కట్టేసి, బతికుండగానే చర్మం ఒలిపించాడు. ఫ్రిజియాలోని కెలైనాయ్ ఊళ్ళో ఆ చర్మం వేలాడుతూ ఉండేదని హెరోడొటస్ రాశాడు. రోమ్ నగరం నడిబొడ్డున, న్యాయస్థానం దగ్గర, మార్సియాస్ విగ్రహం ఉండేది. రోమన్లు దాన్ని స్వేచ్ఛకి గుర్తుగా చూశారు. గ్రీకు దేవుడు చర్మం ఒలిచినవాణ్ణి రోమన్లు తమ చౌరస్తాలో నిలబెట్టుకున్నారు.

సోక్రటీస్‌ని పొగడాల్సి వచ్చినప్పుడు ఆయన శిష్యుడు ఆల్సిబయడీస్‌కి తట్టిన పోలిక కూడా ఇదే. ప్లేటో 'సింపోజియం'లో అతను తాగి వచ్చి, సోక్రటీస్ శిల్పుల దుకాణాల్లో అమ్మే సైలెనస్ బొమ్మలాంటివాడు, రెండుగా తెరిస్తే లోపల దేవుళ్ళ విగ్రహాలుంటాయి అంటాడు. చప్పిడిముక్కు, ఉబ్బు కళ్ళు ఎలాగూ ఉన్నాయి. మార్సియాస్ వాద్యంతో చేసింది ఈయన వట్టి మాటలతో చేస్తాడు అని కూడా అంటాడు. సాటిర్ వట్టి కామపిశాచే అయితే గురువుని పొగడటానికి ఆ పేరు ఎందుకు వాడతారు?

తర్వాతి కాలం ఈ జోకుని నిజమనుకుంది. వైద్యులు ఆగని కోరిక రోగానికి సాటిర్ల పేరు పెట్టారు. రోమన్ సేనాని సుల్లా సైనికులు అపోలోనియా దగ్గర నిద్రపోతున్న సాటిర్‌ని పట్టుకొచ్చారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. దుబాసీల్ని పెట్టి అడిగితే గుర్రం సకిలింపుకీ మేక అరుపుకీ మధ్య ఏదో అరిచాడట. గుర్రం మేకగా మారే దారిలో వాడు సరిగ్గా మధ్యలో ఉన్నాడన్నమాట. సెయింట్ జెరోమ్ కథలో ఎడారిలో ఆంటోనీ అనే సన్యాసికి ఎదురైన సాటిర్ ఖర్జూరాలిచ్చి, మా కోసం కూడా ప్రార్థించండి అంటాడు. మర్యాదస్తుడు. అదే జెరోమ్, ఇంకో సాటిర్‌ శవాన్ని ఉప్పులో ఊరేసి చక్రవర్తికి చూపించడానికి ఆంటియోక్ తీసుకెళ్ళారని కూడా రాశాడు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యెషయా గ్రంథంలో బబులోను శిథిలాల్లో సాటిర్లు ఆడతాయి. మన తెలుగు బైబిల్లో అక్కడ గంతులు వేసేవి కొండమేకలే.

మన దేశం కూడా తప్పించుకోలేదు. తూర్పు భారత పర్వతాల్లో సాటిర్లున్నారనీ, మహా వేగమనీ, ముసలివో జబ్బువో అయితే తప్ప దొరకవనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఏ కోతుల గురించి విన్నాడో. 1641లో ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్ టుల్ప్, అంగోలా నుంచి వచ్చిన ఒక తోకలేని కోతిని వర్ణిస్తూ దానికి 'ఇండియన్ సాటిర్' అని పేరు పెట్టాడు. 1836లో మథురలో కల్నల్ స్టేసీకి తాగి తూలుతున్న బొజ్జ మనిషి శిల్పం దొరికింది. వెంటనే సైలెనస్ అన్నారు. అది మన యక్షుడు, బహుశా కుబేరుడు అని తర్వాత తేలింది. తాగినవాడు కనపడితే చాలు గ్రీకువాడనుకునే రోజులవి. జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్, హిమాలయాల్లో ఉండే ఎర్రటి కొమ్ముల కోడికి సాటిర్ పేరు పెట్టాడు. సీతాకోకచిలుకల్లో ఒక పెద్ద ఉపకుటుంబానికి శాస్త్రీయ నామం సాటిరినే. వరి ఆకులు తినే గొంగళి పురుగు నుంచి వచ్చి, పొద్దుగూకే వేళ ఎండుటాకులా ఇంట్లోకి ఎగిరొచ్చే గోధుమరంగు సీతాకోకచిలుక ఆ కుటుంబానిదే. మీ ఇంట్లో దీపం చుట్టూ తిరిగే ఉంటుంది.

ఏథెన్స్ వాళ్ళు మాత్రం సాటిర్లు ఎక్కడో కొండల్లో ఉన్నారని నమ్మి నాటకాలు ఆడలేదని నా అభిప్రాయం. దానికి నా దగ్గరున్న సాక్ష్యం నేపుల్స్ మ్యూజియంలో ఉంది. 1835లో ఇటలీలోని రూవోలో దొరికిన పెద్ద కుండ, క్రీ.పూ. 400 ప్రాంతంది. ప్రసిద్ధ వాద్యకారుడు ప్రోనోమోస్ మధ్యలో కూర్చుని ఊదుతున్నాడు, చుట్టూ ఒక సాటిర్ నాటక బృందం. కవి చేతిలో కాగితపు చుట్ట ఉంది. కోరస్ (పాడుతూ ఆడే గుంపు) కుర్రాళ్ళు దాదాపు అందరూ బొచ్చు చెడ్డీలు తొడుక్కున్నారు. చెడ్డీకి వెనక గుర్రపు తోక, ముందు తోలు అంగం కుట్టి ఉన్నాయి. గడ్డం, చప్పిడిముక్కు ఉన్న మాస్కులు చేతుల్లో వేలాడుతున్నాయి. మాస్కు కింద మొహాలు నున్నగా, అందంగా ఉన్నాయి. ఒక్కడు మాత్రం అప్పుడే మాస్కు తగిలించుకుని గెంతడం మొదలుపెట్టేశాడు. పక్కన పేర్లు రాసి ఉన్నాయి. ఈసారి సిమోస్‌లూ స్టైసిప్పోస్‌లూ లేరు. కాలియాస్, డొరోథియోస్, ఫిలీనోస్, డియోన్. తల్లిదండ్రులు పెట్టిన మామూలు పేర్లు. ఆ ఉత్సవంలో కోరస్‌లో ఆడాలంటే ఏథెన్స్ పౌరుడై ఉండాలి, బయటివాళ్ళకి వీల్లేదు. అంటే ఆ తోక చెడ్డీ విప్పేసి ఇంటికెళ్ళిన కాలియాస్, తర్వాత అసెంబ్లీలో చెయ్యెత్తి యుద్ధానికి ఓటేసేవాడే.